ముసురు పట్టిన నాలుగు రోజులు: ఇంటిల్లిపాదీ కలిసి గడుపుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు వైపు చలి రెండు రకాలుగా వస్తుంది. మొదటిది ముసురు చలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి చెన్నై, నెల్లూరు తీరం వైపు వచ్చిందంటే మనకు రెండు మూడు రోజులు తెరిపి ఉండదు. ఆకాశమంతా మబ్బు కమ్మేసి ఎండ నేలకు తగలదు. అందుకే మధ్యాహ్నం పన్నెండుకు కూడా చేతులు చల్లబడిపోతుంటాయి. రెండోది ధనుర్మాసం చలి. అప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది, పగలు నేల పట్టుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది, తెల్లవారుజామున మంచు కురుస్తుంది. తొమ్మిది దాటితే మళ్లీ మామూలు ఎండే.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా మొదటి రకం గురించి. ఎందుకంటే ఇంట్లో అందరూ ఒకేచోట ఉండిపోయేది ముసురులోనే. కలెక్టరు బడులకు సెలవు ఇస్తారు, అంగళ్లు సగం మూసేసి ఉంటాయి, పొలం పని ఆగిపోతుంది. అంత టైం చేతికి దొరికినా చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. పిల్లలు ఒక మూల, పెద్దవాళ్లు ఒక మూల, ఎవరి ఫోను వాళ్లది. వంటింట్లో మాత్రం ఒక్క మనిషి పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి ఆఖరి పళ్లెం కడిగేదాకా నిలబడే ఉంటుంది. బజ్జీలు తినేవాళ్లకు వాన బాగుంటుంది, వేసేవాళ్లకు బాగుండాలంటే ముందే కొంచెం ఆలోచించుకోవాలి. కింద రాసినదంతా ఆ ఆలోచన చుట్టూ తిరిగేదే: అందరి చేతికీ తలా ఒక పని ఉండి, ఆ పని ఒకేచోట కూర్చుని చేస్తే, ముసురు రోజులు వాటంతట అవే బాగుంటాయి.

ఒక్క మాట ముందుగా. ఇల్లు భద్రంగా ఉన్నవాళ్లకే ఇదంతా. 2021 నవంబరు మూడో వారంలో తిరుపతిలో వీధులు ఏరులైపోయాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. వంక పక్కన, చెరువు కింద, పల్లపు వీధిలో ఇల్లు ఉంటే అధికారులు వెళ్లమన్నప్పుడు వెళ్లిపోవడమే మొదటి పని. మిగతావన్నీ తర్వాత.

ముసురు రాకముందే

అల్పపీడనం అన్న వార్త వచ్చిన రోజుకూ, వాన మనింటి మీద పడే రోజుకూ మధ్య మామూలుగా రెండు మూడు రోజులు దొరుకుతాయి. ఆ రోజుల్లోనే బజారు పని పూర్తి చేయండి. వాన మొదలయ్యాక కూరగాయల రేటు పెరుగుతుంది, పైగా తడిసిన కాయ తొందరగా కుళ్లుతుంది.

తెచ్చుకోవాల్సిన వాటిలో మొదటిది అనపకాయలు, అంటే చిక్కుడు జాతి గింజల కాయలు, సొరకాయ కాదు. మన వైపు చెనక్కాయ (వేరుశనగ) చేలో అంతరపంటగా వేసే అనప నవంబరు ఆఖరు నుంచి కాయలు రావడం మొదలై, సంక్రాంతికల్లా గంపలు గంపలుగా అంగట్లోకి దిగుతుంది. ఐదుగురున్న ఇంటికి ఒక పూట కూరకు 2 నుంచి 3 కిలోల కాయ తీసుకోవాలి, తొక్కా పొట్టూ పోగా మిగిలేది కొంచెమే. తర్వాత పచ్చి చెనక్కాయలు రెండు కిలోలు, గెనుసుగడ్డలు (చిలగడదుంపలు) ఒక కిలో, రాగిపిండి, బొరుగులు (మరమరాలు), శనగపిండి, బజ్జీ మిరపకాయలు, అల్లం, మిరియాలు. పెరట్లో కుండీలో వామాకు ఉంటే సరే, లేకపోతే పక్కింటి వాళ్లను అడిగి నాలుగు ఆకులు కోసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

తిండి కాక ఇంకొన్ని. కరెంటు పోకముందే మోటారు వేసి మిద్దె మీద ట్యాంకు నింపండి, తాగే నీళ్ల క్యాను ఒకటి అదనంగా పెట్టుకోండి. ఫోన్లు, పవర్ బ్యాంకు, టార్చి లైటు ఛార్జింగ్ చేసి ఉంచండి. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు ఒక స్టీలు డబ్బాలో మూతపెట్టి పెట్టండి, తడిగాలికి అగ్గిపుల్ల మెత్తబడితే వెలగదు. బియ్యం మూట నేల మీద ఉంటే పీట మీదికి ఎత్తండి. బీపీ, షుగరు మాత్రలు, ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలరు వారానికి సరిపడా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఈ ఆఖరిది మరిచిపోయి అర్ధరాత్రి వానలో మందుల అంగడి కోసం తిరిగే ఇళ్లు ప్రతి తుపానుకూ కొన్ని ఉంటాయి.

ఒకటే గది

నాలుగు గదుల ఇల్లయినా సరే, ముసురు రోజుల్లో ఒక్క గదినే కూర్చునే గదిగా పెట్టుకోండి. మూడు చూసి ఎంచుకోవాలి: ఈదురుగాలి నేరుగా కొట్టకూడదు, వంటింటికి దగ్గరగా ఉండాలి, అవ్వ, తాత లేచి బాత్రూముకు పోవడానికి గడపలు ఎక్కువ దాటకూడదు. మనకు ఈ కాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది, ఆ వైపు కిటికీలు మూసి, ఎదురు వైపు కిటికీ ఒకటి కొంచెం తెరిచి ఉంచితే గదిలో ఉక్క, చెమ్మ వాసన పట్టవు.

బండలు చల్లగా లాగేస్తుంటాయి కాబట్టి కింద చాప, చాప మీద జంపఖానా, దాని మీద పాత దుప్పట్లు పరవండి. కంబళి ఉంటే తాతకు ఇవ్వండి. దిండ్లన్నీ గోడ వారగా వేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి చేరతారు. టీవీ ఉన్న గది కాకపోతే మరీ మంచిది. ఫోన్లు బొత్తిగా వద్దు అనాల్సిన పనిలేదు, గదిలో ఒక మూల ప్లగ్గు దగ్గర వాటికి చోటు చూపించండి, వాన వార్త కోసం ఒకరు చూసి చెప్తే చాలు.

ఆరని బట్టలు ఈ గదిలో మాత్రం వేయకండి. తడిబట్ట ఆరేటప్పుడు గదిలో వేడిని లాగుతుంది, చెమ్మ పెంచుతుంది, పిల్లలకు దగ్గు మొదలవుతుంది. వేరే గదిలో తాడు కట్టి ఫ్యాను కింద వేయండి. ముసురు వదిలేదాకా మందమైన ప్యాంట్లు, దుప్పట్లు ఉతకకుండా ఉంటే ఇంకా నయం.

పని పంచుకోవడం

ఇది చెప్పకుండా ఏ వంట గురించి చెప్పినా లాభం లేదు.

మొదటి రోజు పొద్దునే కాఫీలు తాగేటప్పుడు నాలుగు రోజుల పని పంచేసుకోండి. "నీకేం సాయం కావాలి?" అని అడగడం కాదు, ఎవరి పని వాళ్ల పేరు మీద ఉండాలి. అడిగితే అమ్మలు ఎప్పుడూ "ఏం వద్దులే, నేను చూసుకుంటా" అనే అంటారు. పొద్దున టీ, కాఫీ నాన్నది. అంట్లు పెద్ద పిల్లలవి. వెల్లుల్లి వలవడం, కొత్తిమీర గిల్లడం తాతవి, కూర్చునే చేయొచ్చు. మధ్యాహ్నం ఒక్క పొయ్యి మీదే వంట, రెండు కూరలు ఉండవు. సాయంత్రం నూనె పని, అంటే బజ్జీలు, వడలు వేసే పని, రోజుకొకరిది.

ఈ ఆఖరి నియమం చాలా ఇళ్లలో గట్టిగా పెట్టుకోవాల్సిందే. బాణలి దగ్గర నిలబడ్డ మనిషికి ఎప్పుడూ ఆఖరి వాయి చల్లారాక తినే గతి పడుతుంది. అందుకని మొదటి వాయి వేసిన మనిషే తినాలి, రెండో వాయి నుంచి మిగతావాళ్లకు. పిల్లలకు ఒక్కసారి చెప్తే చాలు, తర్వాత వాళ్లే కాపలా కాసి "అమ్మా, నువ్వు తిన్నావా?" అని అడుగుతారు.

మొదటి సాయంత్రం: చెనక్కాయలు, బజ్జీలు

మొదటి రోజు పెద్ద వంట పెట్టుకోకండి. పచ్చి చెనక్కాయలకు అంటిన మట్టి పోయేలా రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, కుక్కర్లో మునిగేంత నీళ్లు, కొంచెం ఎక్కువే అనిపించేంత ఉప్పు వేసి 4 విజిల్స్ రానివ్వండి. దించాక ఆవిరి పోయినా వెంటనే వంచేయకుండా ఆ ఉప్పునీళ్లలోనే ఒక అరగంట ఉంచాలి. గింజకు ఉప్పు పట్టేది అప్పుడే. తొందరపడి వంచేస్తే తొక్క ఉప్పగా, గింజ చప్పగా ఉంటుంది. గెనుసుగడ్డలు ఇంకో గిన్నెలో ఉడకేసుకోవచ్చు, కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో నిప్పుల్లో కాలిస్తే ఆ రుచే వేరు.

బజ్జీలకు శనగపిండి మూడు వంతులు, బియ్యప్పిండి ఒక వంతు, వాము చేత్తో నలిపి వేసుకోవాలి. ముసురు రోజుల్లో పిండి కొంచెం గట్టిగానే కలపండి. మిరపకాయ పొడవునా చీరి, గింజలు తీసి, లోపల కొంచెం చింతపండు గుజ్జు, ఉప్పు, వాము పొడి రాస్తే పిల్లలూ తింటారు. వామాకుతోనూ బజ్జీలు వేసుకోవచ్చు. పక్కన బొరుగులు ఉండాలి. తడిగాలికి బొరుగులు మెత్తబడి ఉంటే నూనె లేకుండా బాణట్లో రెండు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. అందులో ఉల్లిపాయ, టమాట, కొంచెం నూనె, కారం, వేయించిన చెనిగింజలు కలిపి, పైన బజ్జీ తుంచి వేసి ఒకే పెద్ద పళ్లెంలో మధ్యన పెట్టండి. ఎవరి ప్లేటు వాళ్లది వద్దు. ఒకే పళ్లెంలో చేతులు పడితే మాటలు వాటంతట అవే వస్తాయి.

రెండో రోజు: పితికిపప్పు

అసలు పండగ ఇదే. మన వైపు చలికాలానికి గుర్తు ఏదంటే పితికిపప్పే అంటాను నేను, అంటే నానబెట్టిన అనపగింజను పితికి పొట్టు తీసిన పప్పు. ఇది ఒక్కరు కూర్చుని చేసే వంట కాదు. మూడు కిలోల కాయ ఒకరే వలిచి, పితికి, వండితే నడుం విరిగిపోతుంది. ఐదుగురు కూర్చుంటే మాటల్లో అయిపోతుంది. మన పెద్దవాళ్లు సరిగ్గా చలికి అందరూ ఇంట్లో ఉండే కాలంలో దీన్ని వండారంటే, అందులో రుచి ఒక్కటే కారణం కాదని నా నమ్మకం.

కాయ ఎంపిక: గింజ బయటికి గుండ్రంగా ఉబ్బి కనిపించాలి, తొక్క ఇంకా పచ్చగానే ఉండాలి. పసుపు తిరిగితే ముదిరినట్టు, ఎంత నానినా పొట్టు ఊడదు. చేత్తో నలిపితే వేళ్లకు జిడ్డుగా అంటి, ఘాటైన వాసన రావాలి. మంచు బాగా పడే రోజుల్లో ఆ వాసన ఎక్కువగా ఉంటుంది, అందుకే జనవరి కాయకు అంత పేరు.

మొదటి రోజు రాత్రి భోజనాలయ్యాక అందరూ చుట్టూ కూర్చుని కాయలు వలవండి. మధ్యలో పాత పేపరు, పక్కన రెండు గిన్నెలు. లేత గింజలు ఒక గిన్నెలోకి, పితకడానికి పనికొచ్చే నిండు గింజలు ఇంకో గిన్నెలోకి. లేతవాటిని పొట్టుతోనే పులుసులో వేసుకోవచ్చు. పురుగు కాయ వస్తే పిల్లలకు చూపించి పక్కన పడేయండి, భయపడాల్సిన పనిలేదు. నిండు గింజలు కడిగి, మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. ముసురు చలికి నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ఎనిమిది గంటలైనా పాడవవు. తొందరగా కావాలంటే గోరువెచ్చటి నీళ్లలో 3, 4 గంటలు.

పొద్దునకు గింజ ఉబ్బి, పొట్టు వదులవుతుంది. ఇక పితకడం. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ముక్కు ఉన్న వైపు ముందుకు వచ్చేలా తిప్పి, వెనక నుంచి కొంచెం నొక్కాలి. పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్ల మధ్య మిగిలిపోతుంది. మొదట్లో పిల్లలు గట్టిగా నొక్కేస్తారు, పప్పు గిన్నె దాటి గోడకు తగులుతుంది. తగలనివ్వండి. నాలుగు గింజలయ్యాక చేతికి ఆ ఒడుపు వచ్చేస్తుంది, ఇక వాళ్లను ఆపలేరు. అవ్వలైతే రెండు చేతులతోనూ ఒకేసారి పితుకుతుంటారు, చూపు గిన్నె మీద ఉండదు, కథ మీద ఉంటుంది. ఆ పని జరిగే గంటన్నరలో ఇంట్లో పాత విషయాలు ఎన్నో బయటికి వస్తాయి. ఎవరి పెళ్లి ఏ చెట్టు కింద జరిగింది, ఏ తుపానుకు ఏ ఇల్లు కూలింది, బావిలో నీళ్లు చేతికందిన సంవత్సరం ఏది. ఎదురుగా కూర్చోబెట్టి "అవ్వా, కథ చెప్పు" అంటే రానివి, చేతులు పనిలో ఉంటే వస్తాయి. ఇష్టమైతే ఫోను పక్కన పెట్టి రికార్డు చేసుకోండి, కానీ వాళ్ల ముఖం ముందు పెట్టకండి.

పొట్టు పారేయకండి, వీధిలో ఆవులు ఉంటే ఇష్టంగా తింటాయి.

కూరకు: ఐదుగురికి సరిపడా పప్పుకు ఉల్లిపాయలు రెండు, టమాటలు మూడు, వంకాయలు నాలుగు. ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేసేవాళ్లూ ఉన్నారు, నాకైతే వంకాయే సరి. మసాలాకు పచ్చికొబ్బరి అరచిప్ప, ధనియాలు రెండు స్పూన్లు, గసగసాలు ఒక స్పూను, చెక్క, లవంగాలు, అల్లం, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు. ధనియాలు, మిరపకాయలు, చెక్క, లవంగాలు, గసగసాలు కొంచెం నూనెలో వేయించి, మిగతావాటితో కలిపి మెత్తగా రుబ్బాలి. కరెంటు లేకపోతే రోట్లో నూరండి, రుచి ఇంకా బాగుంటుంది, దానికి నాన్నను పిలవండి.

బాణట్లో నూనె వేసి ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయ ఎర్రగా వేగాక టమాట వేసి మగ్గనివ్వాలి. తర్వాత రుబ్బిన ముద్ద వేసి పచ్చివాసన పోయి నూనె తేలేదాకా సన్నటి మంట మీద వేయించాలి. ఇక్కడ తొందరపడకూడదు, కూర రుచంతా ఈ ఐదారు నిమిషాల్లో ఉంది. అప్పుడు వంకాయ ముక్కలు, పితికిపప్పు, పసుపు, ఉప్పు, మునిగేకంటే కొంచెం ఎక్కువ నీళ్లు. మూతపెట్టి 15 నుంచి 20 నిమిషాలు. పప్పును వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా మెదగాలి గానీ కరిగిపోకూడదు, అందుకే కుక్కరు వద్దంటాను. దించేముందు కొత్తిమీర. గుప్పెడు పప్పు పక్కన తీసి పెట్టుకుంటే, తడి పూర్తిగా తుడిచి నూనెలో వేయించి ఉప్పూకారం చల్లుకోవచ్చు, సాయంత్రానికి అదే చిరుతిండి. తడి ఉంటే నూనె చిందుతుంది, ఆ పని పెద్దవాళ్లే చేయాలి.

పక్కన సంగటి

పితికిపప్పుకు దోసె కూడా బాగుంటుంది, కానీ ముసురులో సంగటే. బియ్యం ఒక గ్లాసు కడిగి ఆరు గ్లాసుల నీళ్లలో బాగా మెత్తగా ఉడకనివ్వాలి, నూకలైతే ఇంకా మంచిది. నీళ్లు ఇంకిపోకముందే, అన్నం తుకతుకలాడుతుండగానే రెండు గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో రెండు మూడు చోట్ల గుచ్చి బెజ్జాలు పెట్టి మూత వేయండి. సన్నటి మంట మీద పది నిమిషాలు. ఆవిరి ఆ బెజ్జాల్లోంచి పిండిలోకి ఎక్కి, పిండి లోపలిదాకా ఉడుకుతుంది. తర్వాత గిన్నెను దించి, రెండు పాదాల మధ్య గుడ్డతో అదిమి పట్టుకుని, సంగటి కట్టెతో ఉండలు లేకుండా కెలకాలి. దీనికి బలం కావాలి, ఇంట్లో పెద్దబ్బాయికి అప్పగించండి, కాళ్లకు వేడి తగలకుండా మందపాటి గుడ్డ చూసుకోండి.

చేయి తడుపుకుని ముద్దలు కట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసి, వేడివేడిగా తినేయాలి. సంగటి చల్లారితే గట్టిబడుతుంది. అందుకని అందరూ పళ్లేల ముందు కూర్చున్నాకే కెలకడం మొదలుపెట్టండి. మిగిలిన ముద్దలను రాత్రికి నీళ్లలో వేసి పెట్టుకుంటే పొద్దున మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, చెనక్కాయల ఊరిబిండి (పచ్చడి)తో చద్ది. చలిలో చద్ది ఏమిటని పిల్లలు అంటే వాళ్లకు వేడి దోసె వేయండి, తాతకు మాత్రం అదే కావాలి.

మూడో రోజుకు అందరికీ మసాలా మొహం మొత్తుతుంది. అప్పుడు మిరియాల చారు, వేయించిన అప్పడం, అన్నం చాలు.

కరెంటు పోయాక

ఈదురుగాలి గట్టిగా ఉంటే కరెంటు పోవడం ఖాయం, గంటా రెండు గంటలైనా పోతుంది. ఆ టైం కోసం ఒక ఆట సిద్ధంగా ఉంచుకోండి. అంత్యాక్షరి, వైకుంఠపాళి, అష్టాచెమ్మా అందరికీ తెలిసినవే. నేను మాత్రం పులి మేక ఆడించమంటాను. మన గుళ్లలో మంటపాల బండల మీద గీతలు చెక్కి కనిపించేది ఈ ఆటే. ఎనిమిదేళ్ల పిల్లకూ డెబ్బై ఏళ్ల తాతకూ సరిసమానంగా ఉంటుంది, ఒక్కోసారి పిల్లే గెలుస్తుంది.

సుద్దముక్కతో నేల మీద గీయాలి. పైన ఒక కొన, ఆ కొన నుంచి కిందికి విచ్చుకుంటూ నాలుగు గీతలు, వాటికి అడ్డంగా మూడు గీతలు రెండు పక్కలకూ కొంచెం బయటికి వచ్చేలా, అడ్డగీతల చివర్లను రెండు పక్కలా నిలువుగా కలపాలి, అడుగున ఇంకో అడ్డగీత. గీతలు కలిసే చోట్లు మొత్తం 23 రావాలి. పులులు 3, మేకలు 15. పులులకు చింతగింజలు, మేకలకు చెనక్కాయ తొక్కలు చాలు. పులులవాళ్లు మొదట ఒక పులిని కొన మీద, మిగతా రెంటిని దాని కిందనే పెడతారు. మేకలవాళ్లు ఒక్కో ఎత్తుకు ఒక్కో మేకను ఖాళీ చోటులో దించుతారు, పదిహేనూ దించేదాకా మేకను జరపకూడదు. పులి గీత వెంట పక్క చోటికి జరగొచ్చు, లేదా పక్కనున్న మేక మీద నుంచి నేరుగా దూకి అవతల ఖాళీలో దిగి ఆ మేకను తినొచ్చు. మేకలు పులులను కదలకుండా కట్టేస్తే మేకల గెలుపు. ఐదారు మేకలు పోతే ఇక కట్టేయడం కష్టం, ఆట పులులదే.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు మేకలివ్వకండి, మేకలాట కష్టం. పులులిస్తే తినే సరదాతో ఆట పట్టుబడుతుంది. కొవ్వొత్తిని బోర్డుకు దూరంగా, గిన్నెలో నిలబెట్టి పెట్టండి, దుప్పట్లు దగ్గర్లో ఉంటాయి కాబట్టి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు, వేడి

ముసురు చలి ఎముకల్లోకి దిగుతుందని అవ్వ అంటే అది ఉత్త మాట కాదు. చలికి కీళ్లు బిగుసుకుంటాయి, రోజంతా కూర్చుంటే ఇంకా నొప్పి. గంటకోసారి గదిలోనే నాలుగడుగులు వేయించండి. సాక్సులు వేయించండి, కానీ నున్నటి బండల మీద సాక్సులతో జారతారు, అడుగున రబ్బరు ఉన్నవి చూడండి లేదా ఇంట్లో చెప్పులు ఇవ్వండి. సాయంత్రం నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మోకాళ్లకు ఒక మనవడు రాస్తే, ఆ పావుగంట వాళ్లిద్దరిదీ.

గది వెచ్చబడుతుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరు కూడా ఇంటి లోపల, వరండాలో నడపకూడదు. పసిపిల్లకు తలంటి సాంబ్రాణి పట్టేటప్పుడు తలుపు తీసి ఉంచి, పొగ ఎక్కువ కాకుండా రెండు నిమిషాల్లో నిప్పులు బయట పెట్టేయండి. బకెట్లో హీటరు రాడ్ పెట్టి నీళ్లు కాచేవాళ్లు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెట్టాలి. ఈ పని పిల్లలకు అస్సలు చెప్పకూడదు.

తెరిపిచ్చినప్పుడు

వాన ఒక పూట ఆగితే అందరికీ బయటికి పోవాలనిపిస్తుంది. పోండి, కానీ దగ్గరికే. తిరుపతిలో ఉంటే కపిలతీర్థం. శేషాచలం కొండ మీద పడిన నీళ్లు కోనేట్లోకి దూకడం చూడాలంటే ఈ రోజులే. ఉధృతి ఎక్కువగా ఉంటే స్నానాలు ఆపేస్తారు, దూరం నుంచే చూసి రండి. కార్తీక సోమవారమైతే రద్దీ విపరీతంగా ఉంటుంది, పెద్దవాళ్లతో పోవాలంటే వేరే రోజు చూసుకోండి. అసలు ఎక్కడికీ పోకుండా మిద్దె ఎక్కినా చాలు: మబ్బులు కొండ నడుముకు దిగి ఉంటాయి, రోజూ ఎర్రగా కనిపించే బండల మీద తెల్లటి నీటిచారలు ఎన్ని ఉన్నాయో పిల్లలతో లెక్కపెట్టించండి.

తలకోనకు మాత్రం ఈ రోజుల్లో పోకండి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం ముసురులో ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదం, పైన అడవిలో వాన పడితే కింద నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. వాన వదిలిన వారానికి, దారి తెరిచారని తెలుసుకుని పోతే నీళ్లూ ఉంటాయి, ఎండా ఉంటుంది. స్వర్ణముఖి, దాని వంకల మీది కాజ్‌వేలు నీళ్లలో ఉంటే బండి దింపకండి. నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పై నుంచి తెలియదు.

తిరుమల పోవాలనుకుంటే కొండ మీద చలి కిందకంటే బాగా ఎక్కువ, ఊరు సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. స్వెటరు, మంకీ క్యాపు చేతిలో ఉంచుకోండి. అలిపిరి మెట్లు 3,550, చాలా దూరం పైన కప్పు ఉన్నా తడిసిన మెట్టు జారుతుంది. హార్స్‌లీ హిల్స్ వైపు పోయేవాళ్లకు మంచు తెల్లారాక కూడా దారి కనిపించనివ్వదు, మదనపల్లె దాటాక తొందరపడకుండా పొద్దెక్కనిచ్చి ఎక్కండి.

ధనుర్మాసం చలికి

డిసెంబరు సగం నుంచి లెక్క మారుతుంది. అప్పుడు పగలంతా ఎవరి పని వాళ్లకుంటుంది, అందరూ కలిసేది తెల్లవారుజామునే. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు, ఊళ్లలో గుళ్ల మైకులూ అప్పుడే మోగుతాయి. వారంలో ఒక్కరోజు, ఆదివారమో సెలవు రోజో, అందరూ ఆ టైముకు లేవాలని అనుకోండి. రోజూ అంటే ఎవరూ లేవరు. పిల్లలు కళ్లాపి చల్లి ముగ్గు పెడతారు, ఒకరు కాగులో నీళ్లు కాస్తారు, గుడి నుంచి తెచ్చిన వేడి పొంగలి ఆకులో అందరూ తింటారు. అంతే, తర్వాత మళ్లీ పడుకున్నా తప్పులేదు.

భోగిమంటకు పాత కట్టెలు, తాటాకులు, పిడకలు ముందే ఒక పక్కన తడవకుండా దాచండి. టైర్లు, ప్లాస్టిక్ వద్దు, ఆ పొగ ఉబ్బసం ఉన్నవాళ్లను వారం రోజులు పడుకోబెడుతుంది.

ఎండ వచ్చాక

ముసురు వదిలిన మొదటి రోజే దుప్పట్లు, దిండ్లు, చాపలు మిద్దె మీద ఎండేయండి, లేకపోతే చెమ్మ వాసన పట్టి రెండు ఉతుకులకు గానీ పోదు. బియ్యం, పప్పులు ఒకసారి చూసి, చెమ్మ తగిలితే పళ్లేల్లో ఆరబోయండి. రాగిపిండి ఉండకట్టిందేమో చూడండి. ట్యాంకు అడుగున బురద చేరి ఉంటే కడిగించండి, వారం రోజులు కాచిన నీళ్లే తాగండి. పెరట్లో కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కుండీల కింది పళ్లేలు బోర్లించండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు వారం, పది రోజులే పడుతుంది కాబట్టి ఈ పని వాయిదా వేయకూడదు. ఇది పిల్లలకు అప్పగించండి, ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.